బడి గచ్చులో మా మిరప ఘాటు

దగ్గరికొచ్చి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు, తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

మాది చీరాలకి పడమట నల్లరేగడి ఊరు. మా ఇంటి ఎదురుగా దొరల కాలంనాటి రాతి బడి ఉండేది. అది మూతబడ్డాక, కనిపెట్టుకుని ఉండమని ఊరి పెద్దలు తాళంచెవి మా ఇంట్లో ఉంచారు. నేను కనిపెట్టుకున్న తీరు వినండి. మూడేళ్లు మా మిరపకాయలన్నీ ఆ హాల్లోనే పోయించాను. చల్లటి సున్నపు గచ్చు, పైన నీడ. నేనూ మా వెనకింటావిడా అక్కడే చతికిలబడి తొడిమలు తీసేవాళ్లం. నన్ను వదినా అని పిలిచేది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక టీచరమ్మ వచ్చి, ఆ బడిని బాగుచేయించి చిన్నపిల్లలకి మాంటిసోరి బడి పెడతానంది. మేమిద్దరం గబగబా కాయలు తీసేసి, గచ్చు నాలుగుసార్లు కడిగేశాం. ఇంకేముంటుందిలే అనుకున్నాం. ఆవిడ అటో గది ఇటో గది కొత్తగా కట్టించింది. కిటికీలు పిల్లలకి అందేలా కిందికి దింపించింది. గచ్చు మాత్రం ముట్టుకోనివ్వలేదు. "ఎంత నున్నగా ఉందో! ఇలాంటిది ఇప్పుడెవరు వేస్తారు?" అని చేత్తో నిమిరింది.

తాపీ మేస్త్రీ తుమ్మి తుమ్మి, "ఏంటమ్మా ఈ ఘాటు?" అన్నాడు.

"మన ఊళ్లో తుమ్మకుండా బతికేవాడెవడయ్యా?" అన్నాను. కూలీలంతా నవ్వారు.

టీచరమ్మ నవ్వుతూనే అడిగింది. "ఇందులో ఏమన్నా నిలవ పెట్టారా అండీ?"

"పాత బల్లలేనండీ."

నమ్మి తాళంచెవి ఇచ్చినవాళ్ల దగ్గర మాట పోతుందని ఆ అబద్ధం ఆడాను.

వెనకింటావిడకి ఆ బడిలోనే ఆయా పని దొరికింది. పొగాకు కాల్చే బ్యారన్ల సెగకీ, మిరప చేలలో ఎండకీ మాడిన మనిషి. పుట్టి బుద్ధెరిగాక నీడపట్టున నెలజీతానికి చేసిన పని అదొక్కటే. "వదినా, పిల్లలు నన్ను ఆంటీ అంటున్నారే!" అని మురిసిపోయింది.

ఆ బడిలో పిల్లల పనులు పిల్లలే చేసుకోవాలి. గిన్నెలో నీళ్లు, చేతికో చిన్న గుడ్డ ఇచ్చి గచ్చు తుడవమంటారు. మొదటి వారంలోనే ఒక పొద్దున ఏడుపులు వినబడ్డాయి. నెర్రెల్లో దిగిన మా కారం తడికి పైకి లేచింది. చేతులు మండి, ఆ చేతుల్తోనే కళ్లు నులుముకున్నారు పసివాళ్లు. నాకు చూడకుండానే అర్థమైపోయింది. పెరుగు గిన్నెతో పరుగెత్తి, కళ్లు కడిగి, చేతులకి పెరుగు పట్టించాను. "మీరు లేకపోతే ఏమయ్యేదో పిన్నిగారూ!" అన్నారు తల్లులు.

వాళ్లలో ఒకావిడ ఆయా మీద విరుచుకుపడింది. "కారం దంచొచ్చి ఆ చేతుల్తోనే గుడ్డలు పిండావా? బుద్ధుందా నీకు?"

"లేదమ్మా, కడుక్కునే..." అంటూ ఆవిడ నా వంక చూసింది. నేను పెరుగు గిన్నెలోకి చూశాను.

ఆ పూటే ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, "నువ్వెందుకు చెప్పలేదే?" అని నేనే దబాయించాను. నా సిగ్గులేనితనం చూడండి!

"నేను చెబితే తప్పించుకోడానికి నీ మీద తోశానంటారు. నీ నోటితోనే వస్తుందని చూశా వదినా."

అప్పుడైనా వెళ్లి చెప్పానా? లేదు. కొత్త ఆయా వచ్చాక కూడా పిల్లలు మళ్లీ అలాగే ఏడ్చారు. ఇక ఎలాగూ బయటపడుతుందని అప్పుడు వెళ్లి చెప్పాను. టీచరమ్మ కోప్పడలేదు. "ముందే అడిగాను కదండీ," అంది, అంతే. ఆ గచ్చుని గునపాలతో పెళ్లగిస్తుంటే చూడలేక ఇంట్లోకి పోయాను.

తర్వాత టీచరమ్మ తనే పాత ఆయా ఇంటికి వెళ్లి మళ్లీ పనిలోకి రమ్మని అడిగింది. వెంట నేనూ ఉన్నాను. అప్పటికే ఆవిడ రోజూ వేటపాలెం పోయొస్తూ జీడిపప్పు పనిలో చేరింది. జీడి రసానికి వేళ్లు పొరలూడిపోయి ఉన్నాయి.

"రానండీ. బజార్లో నన్ను చూస్తే పిల్లలు చేతులు వెనక్కి దాచుకుంటున్నారు. ఏ మొహం పెట్టుకుని వాళ్ల దగ్గరికి రాను?"

ఆ మాట నేను అనాల్సింది.

ఇప్పటికీ బస్సులో కనబడితే, "ఇటు రా వదినా" అని పక్కన చోటు చూపిస్తుంది. తిట్టినా బాగుండును.

మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. మీ పిల్లల కంట నీరు రాకూడదు. మీ గడపలో ఒకరి తప్పుకి ఇంకొకరు మాట పడే రోజు ఎన్నటికీ రాకూడదు.