బాగా పనిచేసిన క్రీము

మాదాపూర్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో చాయ్ తాగుతుండగా ఒక్కసారిగా బుగ్గలు భగ్గుమన్నాయి. ఎవరితోనైనా గొడవ పడ్డావా అని పక్క సీటు అమ్మాయి అడిగింది. నాకు మాత్రం చాయ్ మీద అనుమానం వచ్చింది. పాలల్లో ఏదో కలిపారనుకున్నాను. అనుమానం నా వృత్తి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఇన్నేళ్లుగా నాకు జీతమిస్తున్నది ప్రతిదాన్నీ శంకించినందుకే.

మంట తగ్గింది కానీ ఎరుపు పూర్తిగా పోలేదు. కొన్నాళ్లకు ముక్కు పక్కన చిన్న పొక్కులు లేచాయి. కాలేజీనాటి మొటిమల మచ్చలు ఎలాగూ ఉన్నాయి, మళ్లీ మొటిమలే అనుకుని ఆన్‌లైన్‌లో దొరికినవన్నీ తెప్పించాను. సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్, విటమిన్ సి సీరమ్, రెటినాల్, అన్నీ ఒకదాని మీద ఒకటి. మంట రెట్టింపైంది. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లను అనుమానించి క్యాన్ నీళ్లతో ముఖం కడిగాను. దిండు గలీబులు మార్చాను, సబ్బు మార్చాను. "ఇగ నన్నొక్కన్నే వదిలిపెట్టినవ్" అన్నాడు మా ఆయన. అతని ఆఫ్టర్‌షేవ్ అప్పటికే చెత్తబుట్టలో ఉంది.

వీడియో కాల్స్‌లో కెమెరా ఆపేశాను. ఈ ముఖం ఇక ఇంతేనేమోనని అద్దం ముందు ఏడ్చిన రోజులున్నాయి.

మా పక్క ఫ్లాటులో గ్రేసక్క ఉంటుంది. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి స్కూల్లో పాఠాలు చెబుతోంది. నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చే మనిషి. నా అవస్థ చూడలేక, కొత్తగూడలో తాను వెళ్లే పార్లర్ నుంచి చిన్న తెల్ల డబ్బా తెచ్చిచ్చింది. తానూ అదే రాసుకుంటున్నానంది. వారం తిరక్కుండానే మంట పోయింది, పొక్కులు అణిగాయి, మచ్చలు కూడా పలచబడ్డాయి. డబ్బా మీద పేరు లేదు, లోపల ఏముందో రాసి లేదు. తాగే నీళ్లను కూడా నమ్మని నేను దాన్ని తిప్పి చూడలేదు. మా పనిలోనూ అంతే, పాసైన టెస్టును ఎవరూ మళ్లీ తెరవరు.

కొన్ని నెలలకు, ఒక్కరోజు రాయకపోయినా ముఖం మండిపోయే స్థితి వచ్చింది. నోటి చుట్టూ కొత్త పొక్కులు, బుగ్గల మీద సన్నటి ఎర్ర గీతలు. అప్పుడు స్కిన్ డాక్టర్ దగ్గరకు వెళ్లాను. అవి మొటిమలు కావు, రొజేషియా అనే ముఖం ఎర్రబడి మండే చర్మవ్యాధి అన్నారు ఆమె. మన రంగులో ఎరుపు త్వరగా తేలదు కాబట్టి చాలామంది పొరబడతారట. బ్లడ్ టెస్ట్ రాశారు. ల్యాబ్‌తో కమీషన్ మాట్లాడుకున్నారేమో అనుకున్నాను. రిపోర్ట్ నార్మల్ వచ్చింది. మెట్రోనిడజోల్ జెల్, సన్‌స్క్రీన్ ఇచ్చి, మచ్చల సంగతి తర్వాత చూద్దామన్నారు. ఇంకేం వాడుతున్నారంటే సీరమ్‌ల పేర్లు చెప్పాను. గ్రేసక్క డబ్బా నాకు గుర్తుకే రాలేదు.

ఇంటికొచ్చి డాక్టర్‌నే పరీక్షకు పెట్టాను. అక్క క్రీము ఆపి జెల్ మాత్రమే రాస్తే ముఖం భగభగలాడింది. జెల్ ఆపి క్రీము రాస్తే చల్లబడింది. మళ్లీ మార్చి చూసినా అంతే. ఇంకేం సాక్ష్యం కావాలి? మందుల కంపెనీతో ఈమెకేదో ఒప్పందం ఉందని తేల్చుకుని, వాడినవన్నీ సంచిలో వేసుకుని పోట్లాటకు వెళ్లాను.

ఆమె అన్నీ టేబుల్ మీద పరిచి చూశారు. "వీటిలో మీకు బాగా పనిచేసేది ఏదండీ?"

గర్వంగా తెల్ల డబ్బా ముందుకు జరిపాను.

"ముందు దీన్ని ఆపాలి."

పేరు లేని డబ్బాలో ఏముందో ఖాయంగా చెప్పలేనన్నారు. కానీ నా చర్మం పలచబడిన తీరు చూస్తే స్టెరాయిడ్ కలిపి ఉంటారని గట్టి అనుమానమట. రాసినన్నాళ్లూ హాయిగా ఉంటుంది, ఆపగానే రీబౌండ్, అంటే అణిగినదంతా తిరగబెట్టి, ఇంకా మండుతుంది. ఆ మంటను నేను జెల్ ఖాతాలో వేశాను. నన్ను మించిన అనుమానపు మనిషి దొరికిందనిపించి, మొదటిసారి ఆమెను నమ్మాను.

తర్వాతి వారాలు నరకం. ముఖం వాచిపోయింది. డాక్సీసైక్లిన్ మాత్రలు, మామూలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప మరేదీ వద్దన్నారు. క్లయింట్లు ఆఫీసుకు వచ్చిన రోజు ఉండబట్టలేక ఆ డబ్బా తీసి ఒక్కసారి రాసుకున్నాను. కథ మళ్లీ మొదటికొచ్చింది. ఆ సాయంత్రమే మా ఆయన దాన్ని పారేశాడు. చర్మం కుదుటపడ్డాక, రొజేషియాకూ మచ్చలకూ కలిపి అజిలాయిక్ యాసిడ్ మొదలుపెట్టారు. ముందు చెవి కింద కొంచెం రాసి చూసి, తర్వాత రోజు విడిచి రోజు.

గ్రేసక్కకు చెప్పడానికి వెళ్లాను. "అక్కా, నువ్వు గూడ ఆపు. డాక్టర్ దగ్గరికి నేనొస్త నీతోని."

ఆమె నవ్వింది. "వాళ్ల మందులు వాళ్లు అమ్ముకోవాలి కదమ్మా."

అచ్చంగా నా మాటే.

ఇప్పుడు నా ముఖం నున్నగా ఏమీ లేదు. ఎండకు ఎర్రబడుతుంది, మచ్చలు కొన్ని అలాగే ఉన్నాయి. అయినా కెమెరా ముందు కూర్చుంటున్నాను. లిఫ్టులో ఎవరైనా గ్రేసక్క ముఖంలోని మెరుపును మెచ్చుకుంటే నాకు భయమేస్తుంది.

ముఖానికి రెండు మూడు రకాలు కలిపి రాసేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ దగ్గరకు అన్నీ తీసుకెళ్లండి, మిమ్మల్ని బాధపెట్టినవే కాదు, సుఖపెట్టింది కూడా. దాన్నే ముందు టేబుల్ మీద పెట్టండి. గ్రేసక్క అసలు పేరు అది కాదు, కానీ ఆమె ఈ పత్రికలో ఈ పేజీ వదలకుండా చదువుతుంది. ఎదురుగా చెబితే వినలేదు. అక్కా, అచ్చులో చూసైనా విను.