అక్క వద్దన్న రెండో భాగం

మా అక్క కెలమంగలంలో పట్టుపురుగులు పెంచుతుంది. నాలుగేళ్ల క్రితం హోసూరులో ఒక సైన్స్ ఫిక్షన్ సినిమాను మేమిద్దరం మూడుసార్లు చూశాం. దానికి రెండో భాగం తీసి తీరాలని అక్క వాదించేది. కథ అయిపోయింది, ఇంకెందుకని నేననేవాణ్ణి. పోయిన ఏడాది షుగర్ వల్ల అక్కకు రెండు కళ్లూ పోయాయి.

ఈ రోజు ఆ రెండో భాగం విడుదలైంది. మ్యాట్నీకి రెండు టికెట్లు తీసుకుని అక్క ఇంటికి వెళ్లాను. తెర మీద వచ్చేదంతా పక్కన కూర్చుని చెబుతానన్నాను.

అక్క టికెట్లను వేళ్లతో తడిమి, తిరిగి నా చేతిలోనే పెట్టింది. తర్వాత, "నువ్వు చెప్పిందే నిజమప్పా. దానికి రెండో భాగం అక్కర్లేదు" అంది.

"ఇన్నేండ్లు కావాలంటివి గదక్కా?"

"మొదటిది నా కండ్లతో చూసినాను. నీళ్ల కింద ఆ ఊరు, ఆ దీపాలు ఇంకా కనిపిస్తానే ఉండాయి. దాని మీద ఇంకోటి వద్దు. నువ్వు పోయి చూసి, బాగలేదని చెప్పు."

పక్క సీటు ఖాళీగా ఉంచుకుని చూశాను. మొదటిదానికన్నా బాగుంది. బయటికి వచ్చి అక్కకు ఫోన్ చేశాను.

"ఎట్లుండాది?"

"ఏం బాగలేదక్కా. తీయకుండా ఉంటే మేలు."

"అట్లనా" అంది.

అక్కతో వాదనలో నేను నెగ్గడం ఇదే మొదటిసారి. ఓడిపోయి ఉంటే బాగుండేది. సినిమా చూసినవాళ్లు ఎలా ఉందో కామెంట్లలో నిజమే రాయండి. మా అక్కకు మాత్రం ఎవరూ చదివి వినిపించకండి.