తొమ్మిది డ్రమ్ములు, ఒక్క దెబ్బ

దుబాయ్ కరామాలో మేం ఆరుగురు ఆడవాళ్ళం ఉండే ఫ్లాటులో వాషింగ్ మెషీన్ పాతది. బట్టలు పిండే చివరి తిప్పుడులో అది ఒళ్ళంతా ఊగిపోయి, గోడకు తగులుతూ దడదడమని కొడుతుంది. నిన్న పొద్దున పప్పు కడుగుతూ ఆ చప్పుడు వింటున్నాను. మూడు దెబ్బలు సమంగా పడుతున్నాయి, నాలుగోది వెంట్రుకవాసి వెనక పడుతోంది. నా చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. "రెండు" అన్నాను పైకే. పక్కన చాయ్ కాచుకుంటున్న పిల్ల, "ఏంది రెండు పెద్దమ్మా? ఇంక రెండు నిమిషాలా?" అంది. ఒక్క ముక్కలో చెప్పగలిగే సంగతి కాదది. చెప్పాలంటే సుశీల టీచర్ గురించి చెప్పాలి. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే ఆ పిల్లే రాసిపెడుతోంది.

నా పెనిమిటి అల్ కుసైస్‌లో కంపెనీ క్యాంపులో ఉండి పనిచేస్తూ చనిపోయాడు. అది జరిగిన నాలుగేళ్ళకు ఇంటిపని వీసా మీద నేనూ దుబాయ్ వచ్చాను. 2020లో కరోనా మొదలయ్యే ముందు, అదే అల్ కుసైస్‌లో సుశీల టీచర్ ఇంట్లో వంటకు చేరాను. వాళ్ళది కాకినాడ. ఆమె దుబాయ్‌లోనే ఒక ఇండియన్ స్కూల్లో సంగీతం చెప్పేవారు, భర్త రావుగారిది ఆఫీసు ఉద్యోగం. టీచర్ పొట్టి మనిషి, నుదుట పెద్ద బొట్టు. కూర కలిపినా గరిటెతో తాళం వేస్తూనే కలిపేవారు. నాది చిన్నప్పటి నుంచీ బొంగురు గొంతు, మాట్లాడితే తిట్టినట్టుంటుంది. పాత ఇంటివాళ్ళు నన్ను మెల్లగా మాట్లాడమని విసుక్కునేవారు. టీచర్ మాత్రం మొదటి రోజే, "నీ గొంతు ఏ గదిలో ఉన్నా తెలుస్తుంది రాజవ్వా, నాకు హాయిగా ఉంది" అన్నారు. అలా అనడానికి వేరే కారణం కూడా ఉందని నాకు రెండేళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

లాక్‌డౌన్ రోజుల్లో ఒక పొద్దున టిఫిన్ తీసుకెళితే హాల్లో టీవీ మోగిపోతోంది. పెద్ద మైదానం నిండా ఒకే రంగు బట్టలేసుకున్న పడుచువాళ్ళు, బాకాలు ఊదుతూ, మెడకు డ్రమ్ములు తగిలించుకుని, పరుగులాంటి నడక నడుస్తున్నారు. జెండాలు గాల్లోకి ఎగిరి మళ్ళీ చేతుల్లోకే వస్తున్నాయి.

"ఇదేం పెండ్లి బ్యాండమ్మా? పెండ్లికొడుకు కనవడ్తలేడు?"

టీచర్ పడీపడీ నవ్వారు. "పెళ్ళి కాదే, పోటీ. దీన్ని డ్రమ్ కోర్ అంటారు, అమెరికాలో ఆడతారు. నూట యాభై మంది, పన్నెండు నిమిషాలు. పరుగెడుతూ వాయించాలి. ఒక్కడు తప్పితే అందరిదీ పోతుంది."

"ఉరుక్కుంట ఊదుతరా? దమ్ము రాదా?"

"వస్తుంది. రానట్టు ఊదాలి. అదే పోటీ."

ఆ యేడు అక్కడి పోటీలు కూడా కరోనా వల్ల ఆగిపోయాయట. అందుకని ఆమె పాత సంవత్సరాలవి తీసి చూసుకునేవారు. రావుగారు పేపరు చాటు నుంచి, "దీనికంటే మా ఆఫీసు జనరేటరే నయం, స్విచ్ ఆపితే ఆగుతుంది" అనేవారు. టీచర్ ఆయన్ని పట్టించుకునేవారు కాదు.

నాకు డప్పు తెలుసు. మా పుట్టింటివాళ్ళు డప్పు కొట్టేవాళ్ళు. ఆడపిల్లనని నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు గానీ, చెవులకు ఎవరు అడ్డం పెడతారు? నాన్న మంట మీద డప్పు కాచి రెండు దెబ్బలు వేసి చూస్తే, కాక చాలిందో లేదో వంటింట్లోంచే చెప్పేదాన్ని. ఈ సంగతి ఒకసారి మాటల్లో అంటే టీచర్ కళ్ళు మెరిశాయి. వెంటనే కుర్చీ లాగి, నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు.

"చూడకు. కళ్ళకు అందరూ సమంగానే కనబడతారు. విను. ఇప్పుడు చిన్న డ్రమ్ములు తొమ్మిది కొడుతున్నారు. ఎన్ని వినబడుతున్నాయి?"

నేను విన్నాను. "ఒక్కటే అమ్మా."

"శుభ్రం! తొమ్మిది మంది కొడితే ఒక్కటే వినబడాలి. ఇప్పుడు?"

"రెండు. ఎవరో ఎనక వడ్డరు."

టీచర్ టీవీ ఆపేసి, నా ముందుకొచ్చి నిలబడ్డారు. "ఇది చెప్పడానికి నేను ఆరేళ్ళు నేర్చుకున్నానే" అన్నారు. నన్ను చూసి ఎవరైనా అసూయపడినట్టు మాట్లాడటం అదే మొదటిసారి.

అక్కణ్ణుంచి నేను కూడా పిచ్చిదాన్నయ్యాను. మరుసటి యేడు మార్కుల్లేకుండా ఆడారు, ఆ పై యేడు పోటీలు మళ్ళీ మొదలయ్యాయి. వాళ్ళకు రాత్రయితే మనకు తెల్లారేది. పొద్దున్నే లేచి, ఇడ్లీలు పొయ్యి మీద పెట్టి, ఇద్దరం లైవ్ ముందు కూర్చునేవాళ్ళం. సరిగ్గా బాకాలు పైకి లేచే చోట బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతుంటే, టీచర్ "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ వైఫై డబ్బా మీద విసనకర్రతో విసిరేవారు. ఆమెకో నోట్‌బుక్ ఉండేది. న్యాయనిర్ణేతలు నూటికి ఇన్నని మార్కులు చెప్పేలోపే తన లెక్కలో ఎవరు ముందో, ఎవరు వెనకో అందులో రాసేయాలి. చెప్పాక దిద్దకూడదు. అది ఆమె పెట్టుకున్న నియమం. అక్షరాలు రాని నాకూ అందులో ఒక వరుస గీసి ఇచ్చారు. శుభ్రంగా ఉంటే ఒక చుక్క, లేకపోతే రెండు. నేను చుక్క పెట్టాక ఆమె ఎన్నడూ చెరపలేదు.

ఆమెకు ప్రాణమైన జట్టొకటి ఉండేది. వాళ్ళవి వంకాయరంగు చొక్కాలు. ఎప్పుడూ మూడో నాలుగో వచ్చేవాళ్ళు, గెలిచింది లేదు. వాళ్ళు మైదానంలోకి వస్తే టీచర్ లేచి నిలబడేవారు. "ఎందుకమ్మా వీళ్ళంటే అంత?" అని అడిగాను. "మిగతావాళ్ళు తమకు వచ్చింది వాయిస్తారు. వీళ్ళు ప్రతి యేడూ తమకు రానిది ఎత్తుకుంటారు" అన్నారు.

2022 చివర్లో ఒకరోజు కుక్కరు ఐదు కూతలు కూసినా, పక్కనే నిలబడి ఉన్న టీచర్ కదల్లేదు. నేను బట్టలు ఆరేసి లోపలికొచ్చి స్టవ్ ఆపాను. ఆమె నా ముఖం చూశారు, నాకు తెలిసిపోయిందని ఆమెకూ తెలిసింది. గ్యాస్ బండ పక్కన నేల మీద కూలబడి నెమ్మదిగా చెప్పారు.

"బాకాలు ఇంకా అందుతున్నాయి. డ్రమ్ముల అంచు పోయింది రాజవ్వా. దుప్పటి కింద కొట్టినట్టు వినబడుతోంది. చెవిలో మిషను పెట్టుకుంటే రేకుల చప్పుడు. ఒకటో, రెండో నాకిక తెలియదు. నువ్వు చెప్పు. నేను రాస్తాను."

అప్పటి నుంచి టీవీలో డ్రమ్ములు మోగినప్పుడు ఆమె కళ్ళు నా మీదే ఉండేవి. ఇంత చదువుకున్న మనిషి నా నోటి కోసం చూడటం నాకు గర్వంగా ఉండేది. భయంగానూ ఉండేది.

ఆ మరుసటి యేడు చివరి పోటీ. వంకాయరంగు వాళ్ళు ఆ పొద్దున ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. బాకాలు కొండ లేచినట్టు లేచాయి. రావుగారు కూడా పేపరు పక్కన పెట్టారు. తర్వాత అంతా ఆగిపోయి, డ్రమ్ములు మాత్రమే సన్నగా, వానచుక్కల్లా కొట్టే చోటు వచ్చింది. నేను విన్నాను. ఒక పక్క ముందుకు జారింది. రెండు. పెద్ద పగులే.

టీచర్ రెండు చేతులూ జోడించుకుని నావైపు చూస్తున్నారు. "ఎన్ని?"

"ఒక్కటే అమ్మా."

ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. నోట్‌బుక్కులో వాళ్ళను మొదటి స్థానంలో రాశారు, రాసి కింద గీత గీశారు. గంట తర్వాత ఫలితాలొచ్చాయి. వాళ్ళు నాలుగు. డ్రమ్ముల మార్కే ముంచింది. టీచర్ ఆ మార్కు చూశారు, నోట్‌బుక్కులో నా ఒక్క చుక్క చూశారు. రావుగారు లేచి స్నానానికి వెళ్ళాక అడిగారు.

"నీకు వినబడలేదా?"

"వినవడ్డది."

"మరి?"

"మీరు బాధ వడ్తరని."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "నా బాధ నాది రాజవ్వా. అది నాకివ్వకుండా నువ్వు దాచుకుంటే ఎలా? నాకు మిగిలిన చెవి నువ్వే. అది అబద్ధం చెప్పిందంటే నేను నిజంగానే చెవిటిదాన్ని."

అప్పుడు నా నోటివెంట, ఎవరికీ చెప్పని మాట వచ్చింది. మా దిక్కు ఊళ్ళల్లో గల్ఫ్‌లో ఎవరైనా పోతే ఇంటిదానికి వెంటనే చెప్పరు. దవాఖానలో ఉన్నాడంటారు, మంచిగనే ఉన్నాడంటారు. పెట్టె విమానం ఎక్కేదాకా అదే మాట. నాకూ అట్లాగే ఎనిమిది రోజులు చెప్పారు. ఎనిమిది రోజులు నేను తలకు పోసుకుని, బొట్టు పెట్టుకుని, ఆయన కోసం ముడుపు కట్టుకున్నాను. ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప. దయతోనే దాచారు, కాదనను. దాచడమే ప్రేమని మాకు నేర్పారు. నేనూ ఆ పొద్దున అదే చేశాను.

టీచర్ అంతా విని, "ఆ ఎనిమిది రోజులు నీకు బాగున్నాయా?" అన్నారు.

"లేదమ్మా. ఇప్పటికీ వాళ్ళ ముఖం చూడబుద్ధి గాదు."

ఆమె నోట్‌బుక్ నా ముందుకు జరిపారు. పెన్ను తీసుకుని, ఉన్న చుక్క పక్కన ఇంకోటి పెట్టాను. ఫలితం వచ్చాక అందులో దిద్దింది అదొక్కసారే.

ఆ చలికాలం, దుబాయ్‌లోని ఫిలిప్పీన్స్ వాళ్ళు ఒక స్కూలు మైదానంలో డ్రమ్ముల పోటీ పెట్టుకున్నారు. మా బిల్డింగు కింద కిరాణాలో క్యాషియరు లోర్నా కూడా ఒక జట్టులో ఉంది. వారమంతా నిలబడి ఉద్యోగం చేసి, సెలవు రోజు పొద్దంతా మిద్దె మీద డ్రమ్ము కొట్టుకునేది. టీచర్, నేను బస్సెక్కి వెళ్ళాం. నేను కళ్ళెదుట చూడటం అదే మొదలు. టీవీలో చూసింది బొమ్మేనని అప్పుడు తెలిసింది. పెద్ద డ్రమ్ముల దెబ్బ నా పొట్టలో పడుతోంది. టీచర్ కంచె ఇనుప గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, "వస్తోంది రాజవ్వా, చేతుల్లోకి వస్తోంది!" అని కేకలేశారు. గార్డు వచ్చి వెనక్కి జరగమని "పీఛే, మేడమ్, పీఛే" అంటే, "నువ్వే పో పీఛే" అన్నారు తెలుగులో.

పొద్దుటి పూట లోర్నా జట్టు ఆడి, సాయంత్రం ఆటకు ఎంపికైంది. ఆ పిల్ల చెమటతో పరుగెత్తుకొచ్చి, తనకొచ్చిన హిందీలో ఎలా ఉందని అడిగింది. "మేడమ్, కైసా థా?" టీచర్ నావైపు తిరిగారు. "ఎన్ని?"

నలుగురు కొట్టారు. నాకు రెండు వినబడ్డాయి. ఎదురుగా ఆ పిల్ల ఎర్రబడిన అరచేతులు. "దో" అన్నాను.

లోర్నా నవ్వు ఆగిపోయింది. ఎక్కడో నిజం చెప్పమంది. "కిదర్, దీదీ? సచ్ బోలో."

"ఘూమ్‌తే టైమ్. లెఫ్ట్ వాలా లేట్." మలుపు తిరిగేటప్పుడు ఎడమ పక్కవాళ్ళు ఆలస్యమని, తిరిగి, నడిచి, తొడ మీద కొట్టి చూపించాను. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కాసేపటికి చూస్తే, మైదానం వెనక పార్కింగులో ఆ నలుగురూ డ్రమ్ములు లేకుండా, తొడలు కొట్టుకుంటూ, ఆ మలుపు ఒక్కటే తిరుగుతున్నారు. పదిసార్లు, ఇరవైసార్లు. టీచర్ చూసి, "బాధపడిందనుకున్నావా? పనిలో పడింది" అన్నారు. సాయంత్రం ఆ మలుపు దగ్గర టీచర్ అడగకముందే నేను ఆమె భుజం పట్టుకుని ఊపేశాను. "ఒక్కటే! ఒక్కటే అమ్మా!" వాళ్ళు గెలవలేదు. అయినా లోర్నా నాకు మూడు వారాలు కిరాణాలో మంచి టమాటాలు ఏరి పెట్టింది.

2024లో రావుగారు రిటైరయ్యారు. వాళ్ళు కాకినాడ వెళ్ళిపోయారు, నేను కరామాకు మారాను. టీచర్‌కు ఇప్పుడు బాకాలు కూడా అందవు. ఫోన్లో మాట్లాడితే వినబడదు, నాకు రాయడం రాదు. అందుకని వీడియో పెట్టుకుంటాం. ఆమె మాట్లాడతారు, నేను చేతులతో చెబుతాను.

నిరుడు ఆగస్టులో చివరి పోటీ. అక్కడ ఆమె టీవీ, ఇక్కడ నా ఫోనులో సగం మైదానం, సగం టీచర్ ముఖం. వంకాయరంగు వాళ్ళు వచ్చారు. ఆమె లేచి నిలబడ్డారు. డ్రమ్ములు ఒంటరిగా కొట్టే చోట ఆమె టీవీ వదిలేసి నన్ను చూశారు. నేను బల్ల మీద కొట్టి చూపించాను, కుడిచెయ్యి వేళకు, ఎడమచెయ్యి వెంట్రుకవాసి వెనక. ఒకసారి కాదు, ఎక్కడ జారిందో తెలిసేలా మూడుసార్లు. నోట్‌బుక్కులో టీచర్ వాళ్ళను రెండో స్థానంలో రాసి, ఎత్తి నాకు చూపించారు. వాళ్ళు రెండో స్థానంలోనే వచ్చారు.

"ఇంత దగ్గరికి వచ్చారు కదే రాజవ్వా" అని టీచర్ ఏడ్చారు. నేను కళ్ళు తిప్పుకోలేదు. ఆమె ఏడవడం అయ్యేదాకా అట్లాగే చూస్తూ కూర్చున్నాను.