చూసిన చోటే మళ్లీ వేసిన ఊత

మా చిన్నప్పుడు ఎండలు ముదిరి తంపర మోకాటి లోతుకి దిగిందంటే ఊరంతా ఊతలు దులుపుకునేది...

మాది శ్రీకాకుళం వైపు, వంశధార పక్క ఊరు. ఏరు పొంగినప్పుడు పల్లంలో నిలిచిపోయే నీళ్లని మేం తంపర అంటాం. అది ఎండిపోయే ముందు ఒక్క పొద్దు అందరూ చేపలకి దిగేవాళ్లు. ఇంటికో ఊత. అడుగు లేని వెదురు గంప అది, పైన చెయ్యి పట్టేంత మూతి. బురదలోకి గుచ్చితే చేప లోపల చిక్కి కొట్టుకుంటుంది. మూతిలోంచి చెయ్యి పెట్టి పట్టుకోవడమే.

ఆ ఏడు మా ఇంటి ఊత ఎత్తడానికి మనిషి లేడు. మా అయ్యకి విషజ్వరం వచ్చి తగ్గింది... కానీ ముద్ద లోపలికి పోవడం లేదు. పదిహేను రోజులుగా గంజినీళ్లే. ఏం పెట్టినా గడ్డిలా ఉందని మొహం తిప్పేసేవాడు. ఎముకల మీద చర్మం కప్పినట్టు అయిపోయాడు.

"ఏటి తినాలనుందో సెప్పు" అని అమ్మ బతిమాలితే, కళ్లు మూసుకునే అన్నాడు... "కొర్రమేను పులుసైతే రెండు ముద్దలు తింటానేమో."

అమ్మ ఆయన మంచం వదిలి రాలేదు. తమ్ముడు చంటివాడు. నాకు పదేళ్లు. నేనే ఊత నెత్తిన పెట్టుకుని బయల్దేరాను.

నేను పుట్టు భయస్తురాలిని. ఇంటి గడియ వేశామా, పొయ్యి ఆర్పామా, కోడిపిల్లలన్నీ గూట్లోకి వచ్చాయా అని ఒకటికి నాలుగుసార్లు చూసుకోకపోతే నిద్ర పట్టేది కాదు. ఆ రోజు మాత్రం ఒక్కటే భయం... అయ్య తినకపోతే మాకు దక్కుతాడా?

నీళ్లలో కాలు పెట్టానో లేదో, మా మేనత్త సూరమ్మ అందుకుంది. "ఓలమ్మో! ఊత కంటే గుంట పొట్టిగున్నాది. జాగర్తే, సేప నిన్ను పట్టీగల్దు!"

గట్టంతా ఒకటే నవ్వు.

అందరూ వరసగా నిలబడి ఊత వేస్తారు, తీస్తారు, ఒక అడుగు ముందుకు వేస్తారు. నేనూ వేశాను. నా పిక్కకి ఏదో బలంగా తగిలింది. గబగబా చెయ్యి పెట్టి వెతికాను... బురద తప్ప ఏమీ లేదు. వరస కదిలింది. నేనూ కదిలాను గానీ మనసు అక్కడే ఉండిపోయింది. తగిలింది కదా? ఎటు పోతుంది? సరిగా చూశానా?

వెనక్కి వచ్చి అక్కడే మళ్లీ వేశాను. చెయ్యి పెడితే చిన్న జెల్ల ముల్లు కసుక్కున దిగింది. నెత్తురు... ఏడుపు కూడా వచ్చింది. అత్త అరిచింది, "సూసినకాడే సూత్తావేటే అనుమానప్పచ్చీ? సేప నీకోసం పీటేసుకుని కూకుంటాదా?"

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అందరూ గట్టెక్కేశారు. బుట్టల్లో జెల్లలు, మార్పు చేపలు, పరిగెలు... కొరమేను ఒక్కరికీ పడలేదు. "నా జెల్లల్లో సగం పట్టుకెల్లు, రాయే" అంది అత్త. తిట్టినా మంచి మనిషే. కానీ అయ్య అడిగింది జెల్లల్ని కాదు.

మూడోసారి అదే చోట ఊత గుచ్చాను. ఈసారి చెయ్యి పెట్టడానికి భయం, మళ్లీ ముల్లు గుచ్చుకుంటుందని. తీసేయడానికీ భయం, లోపల ఉంటే పోతుందని. రెండు భయాల మధ్య ఊతని రెండు చేతులా కావిలించుకుని అలాగే నిలబడిపోయాను.

మొన్న శుక్రవారం సెలవుకి మస్కట్‌లోని మత్రా సముద్రపు ఒడ్డున కూర్చుని ఇదంతా చెబుతుంటే, మా కడప రమణమ్మ నోరు తెరిచింది. ఇక్కడ ఘుబ్రాలో నేను వంట చేసే ఇంటి పైఫ్లాట్‌లోనే దానికీ డ్యూటీ. "అట్లే నిలబడుకోనుంటివా అక్కా? నేనైతే ఎప్పుడో ఇంటికి పోయింటా" అంది.

అందరూ అదే చేశారమ్మా. అందుకే వాళ్లకి దొరకలేదు అన్నాను.

కొరమేను ఊత తగలగానే బురదలోకి దూరిపోతుంది. కానీ ఎంతసేపని? ఊపిరికి పైకి రావాల్సిందే. ఊత లోపల ఒక బుడగ లేచింది... తర్వాత ఇంకొకటి... పాము తలలాంటి నల్లటి తల పైకి వచ్చి గుటుక్కుమంది.

భయమంతా ఎటు పోయిందో! రెండు చేతులూ లోపలికి దూర్చి మొప్పల కింద బిగబట్టాను. అది నన్ను బురదలో కూలేసింది. తోకతో చెంప మీద కొట్టింది. వదిలితే ఒట్టు! పైకి ఎత్తితే... నా చేతంత పొడుగు!

చీర కూడా ఎగ్గట్టకుండా నీళ్లలోకి పరిగెత్తుకొచ్చింది అత్త. "పట్టీసింది! నా మేనకోడలు కొర్రమేను పట్టీసింది! నా పోలికే!" ఊరు ఊరంతా మా వెనకాలే ఇంటిదాకా వచ్చింది.

అమ్మ బూడిదతో తోమి కడిగి, మట్టి దాకలో పులుసు పెట్టింది. అయ్యని గోడకి ఆనించి కూర్చోబెట్టింది. మొదటి ముద్ద... నేను ఆయన గొంతు వైపే చూస్తున్నాను, దిగుతుందా లేదా అని. దిగింది. రెండోది దిగింది. మూడో ముద్దకి ఆగి, మొహం చిట్లించాడు.

"ఉప్పు సాల్లేదే" అన్నాడు.

అమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది, నవ్వుతూ. పదిహేను రోజుల తర్వాత ఆ నాలుకకి ఉప్పు తెలిసింది! అత్త గుప్పెడు ఉప్పు పట్టుకుని లేచింది. ఆ పూట అయ్య ఎన్ని ముద్దలు తిన్నాడో అడగకండి... దాక అడుగు కనపడింది.

ఇప్పుడా తంపరలో రొయ్యల చెరువులు, చుట్టూ ఇనుప తీగలు. ఊరంతా కలిసి నీళ్లలోకి దిగే రోజు లేదు. ఇక్కడ మస్కట్‌లో కొరమేను మంచుపెట్టెలో గడ్డకట్టి, తల లేకుండా దొరుకుతుంది. ఎవరు పట్టారో, ఎవరి కోసం పట్టారో తెలియదు.

మీ ఇంట్లో జబ్బు మనిషికి నోటి రుచి తెచ్చిపెట్టిన కూర ఏది? ఎవరు తెచ్చారు? రాయండి... నాకు చదువు తక్కువ, కూడబలుక్కుని అయినా అన్నీ చదువుతాను.