సబీనా జెద్దా చూసిన రోజు

హుస్సేన్‌బీకి జెద్దా కొట్టిన పిండి. అంటే, కారు వెనక సీట్లో పరాయి చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని అద్దంలోంచి చూస్తే ఒక ఊరు ఎంత తెలుస్తుందో అంత తెలుసు. ఏ మలుపు తిరిగితే మేడం వాళ్ళ అక్క ఇల్లొస్తుందో, ఏ మాల్‌లో పిల్లలు ఆడుకునే అంతస్తు ఎక్కడుందో చెప్పగలదు. వీధుల పేర్లు మాత్రం అడగకూడదు. రాయచోటి దగ్గరి పల్లె ఆమెది. మొగుడు ఆటో బోల్తాపడి పోయాక, కూతురు సబీనా బళ్ళో చేరిన ఏడాదే విమానమెక్కి, ఇక్కడ ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ కూతురిప్పుడు కడపలో నర్సింగు చదువుతోంది. తనను పెంచిన మేనత్త రహమత్బీతో కలిసి ఉమ్రా యాత్రకు వచ్చింది. మక్కాలో అన్నీ ముగించుకుని, సాయంత్రం విమానం ఎక్కేముందు వాళ్ళ బృందానికి జెద్దా చూడడానికి ఒక్క పగలు దొరికింది. తల్లీకూతుళ్ళకు దొరికింది కూడా ఆ పగలే.

ఆ పగటి మీద హుస్సేన్‌బీ పెట్టుకున్న ఆశ చిన్నది కాదు. ఆ దేశంలో ఉండనిచ్చే ఆమె ఇఖామా కార్డు గడువు తీరబోతోంది. "మళ్ళీ కట్టమంటావా, ఖురూజ్ కొట్టించి ఇంటికి పంపించేయమంటావా? సాయంత్రానికల్లా చెప్పు హుస్నా" అని మేడం పొద్దున్నే అడిగింది. హుస్సేన్‌బీ అన్న పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా తిరక్క హుస్నా అయి కూర్చుంది. మేడం చెడ్డదేమీ కాదు. ఆ రోజుకు సెలవిచ్చి, డ్రైవరుతో కారులో దింపించింది కూడా. దారి పొడవునా హుస్సేన్‌బీ ఒకటే అనుకుంది. కూతురు నోరు తెరిచి 'వచ్చేయమ్మా' అని ఒక్కసారి అంటే చాలు, ఖురూజే. అయితే తను అడగకుండా అనాలి. అడిగి అనిపించుకుంటే ఏం విలువ? ఇలాంటి పంతాలు జనం ఎందుకు పెట్టుకుంటారో వాళ్ళకే తెలియాలి.

బలద్ అనే పాత బజారు దగ్గర బస్సు ఆగింది. ముందు రహమత్బీ దిగి, వదినను వాటేసుకుని ఏడ్చింది. వెనకాల నల్లటి అబాయాలో సబీనా దిగింది. వీడియోలో ముఖం కనబడుతుంది గానీ ఎత్తు తెలియదు. కూతురి ముఖం చూడాలంటే హుస్సేన్‌బీ తలెత్తాల్సి వచ్చింది.

"బాగుండావా మా?" అంది సబీనా. వార్డులో కొత్తగా చేరినవాళ్ళను పలకరించినట్టుగా, ఎంతో మర్యాదగా అంది.

"బాగుండా పాపా. ఇట్ల చిక్కిపోయినావేంది?" అంది తల్లి. పిల్ల నిజానికి చిక్కలేదు. ఏదో ఒకటి అనాలి కదా.

పాత మేడల చెక్క కిటికీలు గోడల్లోంచి వీధిలోకి పొడుచుకొచ్చి ఉన్నాయి. నీడల్లో పిల్లులు పడుకున్నాయి. సబీనా తలెత్తి చూస్తూ, ఫొటోలు తీస్తూ నడుస్తోంది. "ఈ ఇండ్లు ఎప్పటివి మా?" అని అడిగింది.

"యేమోమ్మే, ముసిలివి" అంది హుస్సేన్‌బీ. ఇన్నేళ్ళలో ఆ సందుల్లో ఆమె కాళ్ళతో నడవడం అదే మొదలు. అడక్కుండానే కూతురి భుజం మీది సంచీ లాక్కుని తను తగిలించుకుంది. రెండడుగులు వెనకే నడిచింది.

"ఎనకాలెందుకు వదినా? ముందరికి రా" అని రహమత్బీ చెయ్యి పట్టుకుని లాగింది. హుస్సేన్‌బీ ముందుకొచ్చింది. కాసేపటికి ఆమెకే తెలియకుండా మళ్ళీ వెనకబడింది. మేడం పిల్లల వెనక సంచులు మోస్తూ తిరిగిన కాళ్ళు, ఎంత చెప్పినా వినలేదు.

మధ్యాహ్నం హుస్సేన్‌బీ వాళ్ళను ఆడవాళ్ళకు వేరే గదులున్న ఒక హోటలుకు తీసుకుపోయి సలీగ్ తెప్పించింది. పాలు, కోడి రసం పోసి మెత్తగా ఉడికించిన తెల్లటి అన్నం. దాని మీద కాల్చిన కోడి. ఆ ఇంట్లో హుస్సేన్‌బీ చేసే సలీగ్‌కు పెద్ద పేరు. చుట్టాలు వస్తే హుస్నాయే వండాలంటారు. ఆ గొప్ప కూతురికి చెప్పుకోవాలని ఆమె ఎన్నాళ్ళుగానో ఉబలాటపడుతోంది.

సబీనా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. "ఏందత్తా ఇది? పెరుగన్నంలో కోడిని పెట్టినట్టుండాది" అంది మెల్లగా. రహమత్బీ కిసుక్కున నవ్వి, మక్కా దాకా మోసుకెళ్ళి తిరిగి తెచ్చిన ఊరుబిండి డబ్బా తీసింది. వేరుశనగలు, ఎండుమిరపకాయలు వేసి దంచిన ఆ పచ్చడి కలిపాక గానీ పిల్లకు ముద్ద దిగలేదు.

"నువ్వూ తిను మా. నిలబడే ఉండావేంది?" అంది సబీనా.

అప్పటిదాకా హుస్సేన్‌బీ వాళ్ళ గ్లాసుల్లో నీళ్ళు తగ్గకుండా చూస్తూ కుర్చీ పక్కనే నిలబడి ఉంది. సిగ్గుపడి కూర్చుంది. ఊరుబిండితో ఒక ముద్ద తిన్నదో లేదో, నాలుక భగ్గుమంది. కళ్ళలో నీళ్ళు, ఎక్కిళ్ళు. పుట్టింట్లో రోటి ముందు కూర్చుని వేళ్ళు నాకిన మనిషికి ఆ కారం ఇప్పుడు పట్టలేదు. మజ్జిగ తెప్పించుకుని గటగటా తాగేసింది. వదిన నాలుక అరబ్బుల నాలుకైపోయిందని రహమత్బీ వేళాకోళం చేస్తే ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే హుస్సేన్‌బీ దిగులుపడింది.

అంతలో ఫోన్ మోగింది. మేడం చిన్నకూతురు లుల్వా. హుస్సేన్‌బీ చేతుల్లోనే పుట్టిందన్నంతగా పెరిగిన పిల్ల. నువ్వు వచ్చేదాకా అన్నం తిననని మొరాయిస్తోంది. హుస్సేన్‌బీ అరబ్బీలో బుజ్జగించింది, బెదిరించింది, ముద్దుపెట్టింది. ఫోన్ పెట్టేసి చూస్తే సబీనా తననే చూస్తోంది.

"అరబ్బీలో మాట్లాడ్తాంటే నువ్వు వేరే మనిషి మాదిరి ఉండావు మా" అంది.

తర్వాత సముద్రపు ఒడ్డు, కార్నీష్. ఎక్కడ ఉయ్యాలలుంటాయో, ఎక్కడ ఐసుక్రీం బండి ఉంటుందో ఇక్కడ హుస్సేన్‌బీకి బాగా తెలుసు. కడుపున పుట్టిన పిల్లను, నర్సు కాబోయే పిల్లను, పోయి ఉయ్యాల ఎక్కమంది. సబీనా నవ్వి ఊరుకుంది. ఆడపిల్లకు ఏమిష్టమని ఆలోచిస్తే హుస్సేన్‌బీకి లుల్వా ఇష్టాలే గుర్తొస్తున్నాయి. ఆ ఒరవడిలోనే మామిడి ఐసుక్రీం కొనుక్కొచ్చి కూతురి చేతిలో పెట్టింది.

"దానికి మామిడి పడదు వదినా. ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి" అని రహమత్బీ అందుకుంది. చెప్పాక, చెప్పకుండా ఉండాల్సిందేమో అన్నట్టు ఆమె ముఖం చిన్నబోయింది. హుస్సేన్‌బీ కరిగిపోతున్న ఐసుక్రీం తనే తిన్నది.

సబీనా ఫోన్ ఎత్తి పట్టుకుని, సముద్రం వెనక పడేలా ఫొటో తీసుకోవడానికి రెండడుగులు వెనక్కి వేసింది. అది పిల్లలు కరెంటు స్కూటర్లు నడిపే బాట. ఒక కుర్రాడు దూసుకొస్తున్నాడు. హుస్సేన్‌బీ గొంతు చించుకుని అరిచింది.

"లుల్వా! లుల్వా!"

తన పేరు కాదు కాబట్టి సబీనా పలకలేదు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకుంది. స్కూటరు పక్కనుంచి గీసుకుంటూ పోయింది. పిల్ల కిందపడింది. మోకాలు దోక్కుపోయింది. కుర్రాడు దిగి క్షమాపణలు చెప్పి వెళ్ళాడు.

"అంత గట్టిగా పిలిస్తే పలకవేందే?" అని హుస్సేన్‌బీ కూతురి మీదే కేకలేసింది.

"నన్నెప్పుడు పిలిచినావు మా?" అంది సబీనా.

హుస్సేన్‌బీకి అప్పుడు తెలిసింది, తన నోట్లోంచి ఏ పేరు వచ్చిందో. పార్కుల్లో, మాల్‌లలో, ఇదే ఒడ్డున, కొన్ని వేలసార్లు అరిచిన పేరు అది. భయం వేస్తే ఆమె నోటికి అదే వస్తుంది. ఇంకోటి రాదు. ఈ తప్పుకు ఎవరిని తిట్టాలి? ఆమెను తిట్టడానికి నాకు నోరు రాదు.

ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. సబీనా తనే గాయం నీళ్ళతో కడుక్కుని రుమాలు కట్టుకుంది. కట్టు నేర్పుగా కట్టింది. తల్లి చెయ్యి సాయానికి ముందుకొచ్చి, అవసరం లేక వెనక్కి పోయింది. బస్సు వచ్చే వేళ అవుతోంది. హుస్సేన్‌బీ పంతం అక్కడితో నీరుగారిపోయింది.

"నేను వచ్చేద్దునా పాపా? మేడం ఖురూజ్ కొట్టిస్తానంటాంది. మనింటికి వచ్చేస్తా. నీ కాడనే ఉంటా" అంది. అడుక్కుంటున్నట్టే ఉంది ఆ గొంతు.

సబీనా రుమాలు ముడి సరిచేసుకుని, "ఆ పాపకెన్నేండ్లు?" అంది.

"పదకొండు."

"నువ్వు లేకపోతే ఉంటాదా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. హుస్సేన్‌బీకి తోచలేదు. "ఉండదు. వాళ్ళమ్మ కాడ గూడా నిద్రపోదు" అంది.

"నువ్వు లేకుండా ఉండేది నేను నేర్చుకున్నా మా. అత్తనడుగు, బో కష్టమైంది" అంది సబీనా. "ఆ పాపకు నేర్పించాకు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే హుస్సేన్‌బీ ఎదురు చెప్పేది, ఏడ్చేది, నీకోసమే కదే వచ్చిందని దెబ్బలాడేది. పిల్ల నిజంగానే ఎవరో ముక్కూముఖం తెలియని చిన్నపిల్ల కోసం అడుగుతోంది. రహమత్బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు తిరిగింది.

బస్సు వచ్చింది. సబీనా తల్లిని గట్టిగా వాటేసుకుంది. వేళకు తినమంది, బీపీ చూపించుకోమంది. ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా హుస్సేన్‌బీ కూడా ఊపింది.

తర్వాత అక్కడే నిలబడి మేడంకు ఫోన్ చేసి, ఇఖామా కట్టించమని చెప్పింది. అవతల మేడం సంతోషం, లుల్వా కేరింతలు వినబడుతున్నాయి. సబీనా పుట్టి ఇంత పెద్దదయ్యాక, నోరు తెరిచి తల్లిని కోరింది అదొక్కటే. కాదనడానికి హుస్సేన్‌బీకి మనసొప్పలేదు.