అండాలమ్మ చాయ్

అండాలమ్మ పలుచగా ఉన్న దేన్నీ సహించదు. ఎల్బీనగర్‌లో త్రినాథరావుగారి ఇంటికి నర్సుగా వచ్చిన మొదటి రోజే చాయ్‌లో ఏదో పొడి కలిపి, చెంచాతో ఎత్తి చూసింది. చుక్కలుగా కారితే మళ్లీ పొడి. ముద్దలా జారితేనే ఆమె మొహం విప్పారేది.

పక్షవాతం వచ్చాక ఆయన తాగే నీళ్లు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని, అన్నీ చిక్కగా ఇవ్వమని డాక్టరు చెప్పిన మాట నిజమే. కానీ పాలవాడికీ, గ్యాస్ బండ తెచ్చినవాడికీ కూడా అదే చాయా? మింగేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలని వాళ్లకూ అదే కట్టడి!

"మాకేం జబ్బు లేదండీ!" అని త్రినాథరావుగారి కూతురు మృదుల మొత్తుకుంది.

"లేకుంటే ఇంకా మంచిదే బిడ్డా. తాగు."

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేకపోతే చంపాపేట్ నుంచి నడిచి వచ్చేది అండాలమ్మ. త్రినాథరావుగారేమో రెండు గుక్కలు మింగి గోడవైపు తిరిగేవారు. మూతి వంకర చూడటానికి ఎవరినీ రానివ్వొద్దన్నారు. సోమవారంలోగా సరిపడా తాగకపోతే ముక్కులో గొట్టం తప్పదని డాక్టరు తేల్చేశాడు.

శనివారం మారయ్య వచ్చాడు. పోచంపల్లి మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. పదేళ్లుగా ఇదే గదిలో టీ తాగుతూ, తెలంగాణ ఇవ్వాలని మారయ్యా, కలిసే ఉండాలని త్రినాథరావుగారూ గొంతులు చించుకున్నవాళ్లే. మృదుల గుమ్మంలోనే ఆపబోయింది. అండాలమ్మ అతని రెక్క పట్టి లోపలికి లాక్కొచ్చి రెండు గ్లాసులు నింపింది.

మారయ్య గ్లాసు వంచాడు. చాయ్ కదల్లేదు.

"గిదేంది సిస్టరమ్మా? పోస్టర్లంటించే లై పోసినవా?"

"గడ్డం కిందికి పెట్టి మింగన్నా."

బుద్ధిగా తలవంచి మింగాడు. సగం మీసానికి అంటుకుంది, సగం గడ్డం మీదికి జారింది. రుమాలు కోసం జేబులన్నీ తడుముకుంటున్న మారయ్యను చూసి త్రినాథరావుగారి వంకర పెదవి విచ్చుకుంది.

"మింగినంక నవ్వుండ్రి సారూ!" అండాలమ్మ ఉరిమింది.

ఆయన మింగి నవ్వారు. మళ్లీ మింగారు.

వంటింట్లో తనకూ అదే చాయ్ పోసుకుంటున్న అండాలమ్మకు మృదుల చాటుగా మామూలు టీ ఇవ్వబోయింది. "మీరైనా మంచి టీ తాగండి."

అండాలమ్మ గొంతు తగ్గించింది. "సారొక్కడే తాగితే అది మందు బిడ్డా. నలుగురం తాగితే చాయ్."

గదిలోంచి మారయ్య గొంతు: "ఈసారి తెలంగాణ ఖాయం సాబ్!"

"సారూ, ముందు మింగుండ్రి! రాష్ట్రం సంగతి తర్వాత!"

ఆయన మింగారు. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, మడతపడే నాలుకతో ఒక్కో మాటా కూడబలుక్కున్నారు.

"ఎందుకు... రాదో... రేపొచ్చి... విను."