పెరుగన్నం తిన్న పిల్లి

తులసిమాల వేసుకున్న రోజున మా ఇంట్లో మాంసం వండే గిన్నెలు రెండూ పాత సామాన్ల బండికి వేసేశాను. మాది పోచంపల్లి వైపు మగ్గాల కుటుంబం. పండగపూట యాటకూర లేకపోతే పండగే కాదనుకునే ఇల్లు. అయినా ఎల్బీనగర్‌లో మా సత్సంగం హాల్లో ఏళ్ల తరబడి కూర్చుని, విని, పాడి, ఆ రుచి మీద మనసు దానంతట అదే విరిగింది. ఇక మాంసం నా గడప దాటదని సత్సంగం పెద్దాయన ముందు మాటిచ్చాను. నా భర్త మాల వేసుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేసే ఆయన, తినాలనిపిస్తే బయటే తిని, నోరు కడుక్కుని ఇంటికొచ్చేవాడు.

పిల్లి ఒక వానాకాలం మా మెట్ల కిందికి చేరింది. బూడిదరంగు, తోక చివర తెలుపు. పొద్దున నేను పారాయణానికి కూర్చుంటే నా చాప మీదే కాళ్లు ముడుచుకుని కూర్చునేది. పూర్తయ్యేదాకా లేచేది కాదు. ఎవరో తెలిసిన జీవి మళ్లీ నా దగ్గరికి వచ్చిందనుకున్నాను.

ఒకరోజు ఎలుకను పట్టి తెచ్చి, దేవుడి అర ముందు పెట్టింది. ఆ రోజు అన్నం తినలేకపోయాను. మర్నాడే అది బయటికి పోకుండా కిటికీలకు జాలీ కొట్టించి, తలుపు వేసి ఉంచాను. దాని చేత మళ్లీ ఆ పాపం చేయించకూడదనుకున్నాను. నైవేద్యం పెట్టిన అన్నంలో పెరుగు కలిపి పెట్టేదాన్ని. పాలు, పప్పునీళ్లు, నెయ్యి రాసిన చపాతీ ముక్కలు. ఏకాదశినాడు పాలు మాత్రమే. అన్నీ తినేది. ఆకలికి తిన్నదాన్ని నేను భక్తికి తిన్నదనుకున్నాను.

సత్సంగంలో ఈ సంగతి పాకింది.

"అక్కా, మీ పిల్లి ఏకాదశి గూడ ఉంటదంట గదా!"

"పోయిన జన్మల ఏ యోగినో. మా ఇంట్ల మనుషులే ఉపాసం ఉండరు."

నేను నవ్వి తల వంచుకునేదాన్ని గానీ, లోపల పొంగిపోయేదాన్ని. అహంకారం గురించి అదే హాల్లో, అదే చాప మీద కూర్చుని ఎన్నిసార్లు విన్నానో.

నా భర్తకు మాత్రం నచ్చలేదు.

"దాని పండ్లు చూసినవా ఎప్పుడన్న? గవి పెరుగన్నం నమిలే పండ్లేనా?"

"నువ్వు బయట తినేది చాలదా? దాన్ని కూడ చెడగొడ్తవా?"

"మాల నీకేసిన్రు. దానికి కాదు."

రెండో ఏడు దాని బొచ్చు పలచబడింది. ఎండలో కూర్చున్నా కంటిపాపలు పెద్దవిగానే ఉండేవి. కుట్టుమిషను మీదికి దూకబోయి అందక పడేది. ఆడుతోందనుకున్నాను. ఒక మధ్యాహ్నం గిన్నె పెట్టి పక్కకు జరిగాను. అది గిన్నెకు జానెడు దూరంలో, ఖాళీ నేల మీద ముక్కు ఆనించి వెతుక్కుంటోంది. అప్పుడు అర్థమైంది, దానికి కనబడటం లేదని.

బుట్టలో పెట్టుకుని ఎల్బీనగర్‌లో పశువుల డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్లాను. కోస్తా వైపు మనిషి. కళ్లలోకి లైటు వేసి చూశాడు, గుండె చాలాసేపు విన్నాడు.

"ఏం పెడుతున్నారండీ దీనికి?"

"సాత్వికాహారమే సార్" అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు కూడా నా గొంతులో గర్వం ఉంది.

ఆయన లైటు పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పిల్లి కంటికీ గుండెకూ కావలసిన పదార్థం ఒకటి మాంసంలోనే ఉంటుందట. ఆవుకు గడ్డి ఎలాగో దీనికి అది అలాగట. పోయిన చూపు ఇక రాదన్నాడు. గుండె మాత్రం ఇంకా దక్కవచ్చన్నాడు.

"సంచుల్లో వచ్చే మేత కొనలేకపోతే బాధపడకండి. కోడి గుండెకాయలు తెచ్చుకోండి, షాపులో అన్నిటికన్నా చవక. కందనకాయలు, కాస్త కార్జం, అప్పుడప్పుడు గుడ్డు. ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి వేయకండి. ఉడికించిన నీళ్లు పారబోయకుండా అందులోనే కలిపి పెట్టండి. మందు తెప్పిస్తాను, అది వచ్చేదాకా ఆగొద్దు. ఇవాళే మొదలుపెట్టండి."

నేను ఆ రోజు మొదలుపెట్టలేదు. పెద్దాయన తీర్థయాత్రలో ఉన్నారు. ఆయన ముందు ఇచ్చిన మాట ఆయనను అడగకుండా ఎలా తప్పను? ఫోన్ చేయవచ్చు. ఇలాంటి సంగతి ఫోన్లో అడగడం అపచారమని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి సత్సంగంలో ఆ ఆడవాళ్ల ముఖాలే నా కళ్ల ముందున్నాయి.

"నేను తెస్త, నేనే పెడ్త. నువ్వు జర పక్కకు జరుగు" అన్నాడు నా భర్త.

"పెద్దాయన రానీ."

"అది పోయేదాక ఆగుతవా?"

పదకొండు రోజులు ఆపాను. ఆ పదకొండు రోజులూ అన్నంలో నెయ్యి ఎక్కువ వేశాను.

పెద్దాయన రాగానే పాదాల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"నువ్వు తింటున్నవా బిడ్డా?"

"లేదు."

"మరి మాట ఎక్కడ తప్పినట్టు? దేవుడు దాని కోసం పెట్టిన పళ్లెం నువ్వు గుంజుకున్నవ్. అది తిరిగి ఇచ్చెటానికి నన్నడగాల్నా? ఇన్ని రోజులు ఎందుకాగినవమ్మా?"

ఆ సాయంత్రమే గడ్డిఅన్నారం సందులోని చికెన్ షాపుకు వెళ్లాను. కొంగుతో మాల కప్పుకున్నాను గానీ అతను చూడనే చూశాడు.

"అమ్మా, పూలకొట్టు పక్కది."

"గుండెకాయలు కావాలె. పిల్లికి."

"పిల్లికా! అయితే గీ కందనకాయలు గూడ తీస్కపో. ఊరికెనే. సన్నగ కొట్టియ్యాల్నా?"

డాబా మీద పాత స్టవ్ పెట్టి ఉడికించాను. మా అమ్మ వంటింటి వాసన వచ్చింది. గిన్నె కింద పెట్టకముందే పిల్లి తల ఎత్తింది. తింటూ గొంతులోంచి గుర్రుమంది. రెండేళ్లలో ఎన్నడూ వినని చప్పుడు అది. నా చేతిని కూడా దగ్గరికి రానివ్వలేదు. నా ఇంట్లో, నా దేవుడి ముందు, అది ఇంత ఆకలితో కూర్చున్నదని అప్పుడు తెలిసింది.

మూడు వారాలు తిన్నది. బొచ్చుకు కాస్త మెరుపు కూడా వచ్చింది. డాక్టరు తెప్పించిన మందూ వేశాము. కానీ గుండె నిలవలేదు. ఒక ఉదయం పారాయణం మధ్యలో, నా చాప మీదే, నోరు తెరిచి ఊపిరి కోసం రెండుసార్లు ఎగబీల్చి ఆగిపోయింది. నా భర్త దుకాణానికి వెళ్లలేదు. ఇంటి వెనుక గుంట తవ్వాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మాల తీయలేదు. నమ్మకమూ పోలేదు. దేవుడు చేసిన ప్రాణిని ఆయనకన్నా శుద్ధంగా చేయబోయాను. ఆ తప్పు నాది, ఆయనది కాదు. రోజూ ఆయన ముందు కూర్చుని అదే చెప్పుకుంటాను.

తర్వాతి సత్సంగంలో అందరూ నన్ను ఓదార్చారు. "పుణ్యజీవి అక్కా, మోక్షం దొరుకుతది" అన్నారు. ఆ మాట మోయలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"అది ఉపవాసం ఉండలే. ఆకలితోని ఉన్నది. మాంసం పెట్టకుండ నేనే ఉంచిన. గందుకే పోయింది."

వెనక నుంచి ఎవరో భజన ఎత్తుకున్నారు.

అయిపోయాక చెప్పుల దగ్గర ఒకామె నా మోచేయి పట్టుకుంది. కొత్తగా మాల వేసుకున్న మనిషి.

"అక్కా, నీ మాట విని నేను గూడ మా పిల్లికి పెరుగన్నమే పెడ్తున్న. ఆర్నెల్లయింది." కళ్లనిండా భయం. "చికెన్ షాపుకు ఒక్కదాన్నే పోవాల్నంటె సిగ్గయితుంది. నువ్వొస్తవా?"

నేను చెప్పులేసుకున్నాను. ఇద్దరం మెట్లు దిగాము. ఆమె మాల మీదికి కొంగు లాక్కోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.